బాబాయ్ గొణిగిన మాట

జీడిమెట్లలో చిన్న మెషిన్ షాపు నడుపుతున్న ఒకామె రాసిన ఉత్తరం ఇది. చేత్తో రాసిన నాలుగు పేజీలు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 33 ఏళ్లు. ఇంజినీరింగ్ చదివి ఏడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశారు. మూడేళ్ల కిందట నాన్న గుండెకు స్టెంట్ వేయడంతో ఉద్యోగం మానేసి షెడ్డు బాధ్యత తీసుకున్నారు. పనివాళ్లు 14 మంది. మామూలు లేత్‌లు మూడు, ఒక మిల్లింగ్ మిషను, ఒక రేడియల్ డ్రిల్లు ఉన్నాయి. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో షాఫ్టు విరిగినా, బుష్ అరిగినా ఆ ముక్క పట్టుకుని వీళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తారు. నాన్న 28 ఏళ్లు ఆ పని మీదే ఇల్లు నడిపారు.

ఈమె వచ్చాక మందుల తయారీ యంత్రాలు చేసే ఒక కంపెనీ ఆర్డరు సంపాదించారు. దానికోసం అప్పు చేసి, కంప్యూటరు ప్రోగ్రాంతో నడిచే సీఎన్‌సీ లేత్ కొన్నారు. ఈఎంఐ నెలకు 39 వేలు. ఇప్పుడు ఆ కంపెనీ ప్రతి లాటుకూ కొలతల రిపోర్టు అడుగుతోంది. మూడు వారాల గడువును పది రోజులకు కుదించింది. మార్చిలో పంపిన 60 స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్‌లలో, అంటే పొట్టి గొట్టాల్లో, 23 'ప్లగ్ గేజ్ (రంధ్రం కొలత సరిచూసే కడ్డీ) దూరడం లేదు' అని వెనక్కొచ్చాయి. కుర్రాళ్లకు ప్రోగ్రామింగ్ సరిగ్గా రావడం లేదనుకుని ఇద్దరిని ఫీజు కట్టి మూడు నెలల కోర్సుకు పంపారు. కోర్సు అయిన రెండో నెలలోనే ఒకడు 2,500 ఎక్కువ వస్తుందని ఆదిభట్ల వైపు వెళ్లిపోయాడు. మిషను 11 రోజులు ఆగింది. రెండోవాడు ఉన్నాడు. కానీ స్లీవ్‌లు ఇంకా వెనక్కొస్తూనే ఉన్నాయి.

ఇక బాబాయ్. సొంత బాబాయ్ కాదు, 24 ఏళ్లుగా నాన్న దగ్గర లేత్ మీద పనిచేస్తున్న టర్నరు. చిన్నప్పుడు ఈమెను స్కూలు బస్సెక్కించిన మనిషి. వయసు 56, జీతం 26 వేలు. షాపులో అదే పెద్ద జీతం. సీఎన్‌సీ దగ్గరికి రారు. "అది కుర్రాళ్ల మిషనమ్మా" అంటారు. ఎవరైనా ఏదైనా అడిగితే చెప్పరు, చకచకా చేసేసి వెళ్లిపోతారు. స్లీవ్‌లు వెనక్కొచ్చిన రోజు మాత్రం "వేడి మీద కొలిచి పంపితే ఇట్లనే ఉంటది" అని గొణిగి తన లేత్ దగ్గరికి పోయారట.

నాన్నేమో "ఆయన జోలికి వెళ్లకు" అంటారు. భర్త "షెడ్డు అద్దెకిచ్చి మళ్లీ ఉద్యోగంలో చేరు" అంటారు. డబ్బులిచ్చి పిలిపించిన ఒక కన్సల్టెంటు నలభై స్లైడ్లు చూపించి, "మీ సిబ్బంది నైపుణ్యాలను వ్యాపార లక్ష్యాలతో అనుసంధానం చేసుకోవాలి" అని చెప్పి వెళ్లాడు. ఈఎంఐ తారీఖు దగ్గరపడితే రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోందట. ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు. బాబాయ్‌ని పంపేయాలా? కుర్రాళ్ల చేత బాండు రాయించుకోవాలా? ఇదంతా ఎందుకని ఆ ఆర్డరే వదులుకోవాలా?

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడు ప్రశ్నలకూ వస్తాను గానీ, ముందు ఆ స్లీవ్‌ల దగ్గర కాసేపు కూర్చుందాం. బాలానగర్ టూల్ రూముల్లో ముప్పై ఏళ్లు నూనె పూసుకున్నవాణ్ని. నాకు ముందు ముక్క కనబడుతుంది, తర్వాతే మనుషులు.

50 మిల్లీమీటర్ల బోరు (లోపలి రంధ్రం), హెచ్7 అని రాశారు. అంటే బోరు 50.000 నుంచి 50.025 మధ్య ఉండాలి. మీ చేతిలో ఉన్న చోటు 25 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు పాతిక. తల వెంట్రుక మందం దానికి రెండు మూడింతలుంటుంది. ఇప్పుడు బాబాయ్ గొణిగిన మాట చూడండి. 316 రకం స్టెయిన్‌లెస్ వేడికి బాగా సాగే లోహం. 50 మిల్లీమీటర్ల బోరు 20 డిగ్రీలు వేడెక్కిందంటే సుమారు 16 మైక్రాన్లు పెద్దదవుతుంది. మీ కుర్రాడు చక్‌లోంచి (పీసును బిగించి తిప్పే పట్టు) తీసిన పీసును అలాగే బోర్ గేజ్‌తో కొలుస్తాడు. ముల్లు 50.010 చూపిస్తుంది. డ్రాయింగ్ ప్రకారం ఓకే. డబ్బాలో పడేస్తాడు. సాయంత్రానికి అది చల్లారి 49.994కి వస్తుంది. ప్లగ్ గేజ్‌లో తప్పక దూరాల్సిన 'గో' కొస దూరదు. కుర్రాడు అబద్ధం రాయలేదు, గేజ్ తప్పు చూపలేదు, అయినా పీసు రిజెక్ట్.

ప్రోగ్రాం తప్పయితే 60కి 60 పోవాలి. 23 పోయి 37 నిలబడ్డాయంటే ఒకే మిషను మీద ఒకే ప్రోగ్రాంతో పనిచేస్తూ ఏదో మారుతోందన్నమాట. టీ తాగొచ్చి కొలిచినవి, పొద్దున మిషను చల్లగా ఉన్నప్పుడు తీసినవి నిలబడి ఉంటాయి. లాటు కాగితాల మీద టైము రాసి ఉంటే మీరే చూసుకోవచ్చు. ఉండదనుకోండి, ఎవరూ రాయరు.

ఇంకో అనుమానం కూడా ఉంది. మీ స్లీవ్ గోడ మందం ఎంతో రాయలేదు. పలచటిదైతే చక్ మూడు దవడలు బిగించినప్పుడే అది కొంచెం నొక్కుకుపోతుంది. ఆ స్థితిలో గుండ్రంగా బోరు చేస్తారు. చక్ వదలగానే స్లీవ్ తన ఆకారానికి తను వెళుతుంది, బోరు మూడు మూలల బోరవుతుంది. రెండు వైపులా ఆనే గేజ్ దాన్ని పట్టుకోలేదు, ప్లగ్ గేజ్ పట్టేస్తుంది. రెండిట్లో ఏదో, రెండూనో, ఇక్కణ్నుంచి నేను చెప్పలేను. కానీ రెండూ ప్రోగ్రామింగ్ కోర్సులో నేర్పేవి కావు.

నా గట్టి నమ్మకం ఏమిటంటే, మీ షాపులో నైపుణ్యం తక్కువై ఈ కష్టం రాలేదు. ఉన్న నైపుణ్యం ఒక మూల ఉంది, కావలసిన పని ఇంకో మూల జరుగుతోంది. మధ్యలో ఇరవై అడుగుల దూరం. ఆ దూరం దాటాల్సిన మాట గొణుగుడుగా బయటికొచ్చింది, అంతే. ఆ వాక్యాన్ని మీరు ఆయన ముభావానికి ఉదాహరణగా రాశారు. నాకు నాలుగు పేజీల్లోనూ అన్నిటికంటే విలువైన వాక్యం అదే అనిపించింది.

కన్సల్టెంటు చెప్పింది తప్పు మాటేం కాదు, పాపం. దాన్ని షెడ్డులోకి దించలేదు. నైపుణ్యాన్ని లక్ష్యంతో కలపాలంటే ముందు లక్ష్యం ఉండాలి కదా. మీ ఉత్తరంలో ఆర్డరుంది, ఈఎంఐ ఉంది, గడువుంది. 'ఈ షాపు ఏం అమ్ముతుంది' అన్న వాక్యం మాత్రం లేదు. నాకు కనబడుతున్నది ఒకే రేకుల కింద రెండు వ్యాపారాలు.

ఒకటి మీ నాన్నగారిది. రాత్రి పదకొండింటికి విరిగిన షాఫ్టు గోనెసంచిలో చుట్టుకుని వస్తారు. డ్రాయింగ్ ఉండదు. అరిగిపోయిన చోట అసలు కొలత ఎంతుండేదో ఊహించాలి. గ్రైండర్ మీద పెట్టి నిప్పురవ్వలు చూసి ఇది ఏ స్టీలో చెప్పాలి. తెల్లారేసరికి వాళ్ల లైను నడవాలి. రెండోది మీది. అరవయ్యో పీసు మొదటి పీసులాగే ఉండాలి, ఉన్నట్టు కాగితం మీద కనబడాలి, లోహాన్ని కోసే ముక్కను, అదే ఇన్సర్ట్‌ను, ఎన్ని పీసులకు మార్చాలో ముందే తెలియాలి. మొదటి పనికి ఒక మనిషి అనుభవం కావాలి. రెండోదానికి పదిమంది ఒకే పద్ధతిలో చేయడం కావాలి. రెండు చోట్లా చేసేది టర్నర్లే అయినా పని వేరు, కొలత చూసే తీరు వేరు, రేటు వేసే తీరు వేరు.

అందుకని ఒక ఆదివారం కూర్చుని గత ఆరు నెలల బిల్లులు రెండు కుప్పలు చేయండి. ఏ కుప్పకు ఎన్ని గంటల మిషను పట్టింది, ఎంత మెటీరియల్, ఎంత ఓవర్‌టైము, ఎంత రిజెక్షన్, డబ్బు ఎన్ని రోజులకు చేతికొచ్చింది అన్నది పక్కన రాయండి. ఖాతాలు చూసేవాళ్ల మీద వదిలేయకండి, ఈ లెక్క మీ చేత్తోనే పడాలి. నా అనుమానం చెప్పనా? రాత్రి పనులకు మీరు ఇప్పటికీ నాన్నగారి మొహమాటపు రేటే వేస్తున్నారు. ఆగిపోయిన లైనుకు గంటకు ఎంత నష్టమో తెలిసినవాడు మీతో వంద రూపాయలకు బేరమాడడు. ఆ కుప్ప మీరనుకున్నంత పాతదీ కాదు, పేదదీ కాదు.

లెక్క తేలాక మూడు దారులున్నాయి. రాత్రి పనులే గట్టివని తేలితే వాటినే పెంచుకుని, సీఎన్‌సీని దానికి తోడుగా వాడుకోవడం. అప్పుడు బాబాయ్ మీద ఆధారపడటం ఇంకా పెరుగుతుంది. ఆయనకు ఇంకో నాలుగైదేళ్ల ఓపికుందేమో, ఆలోగా ఆ విద్య ఇంకొకరికి రాకపోతే షాపుకు వారసుడు ఉండడు. పైగా సీఎన్‌సీ సగం రోజు ఖాళీగా ఉన్నా ఈఎంఐ ఖాళీగా ఉండదు. లాటు పనే భవిష్యత్తు అనుకుంటే పూర్తిగా అటు తిరగడం. అప్పుడు మిషనును పనికి సిద్ధం చేసే సెట్టర్లు కనీసం ఇద్దరు, ఒక మంచి కొలతల బల్ల, రోజూ రిపోర్టు రాసే మనిషి కావాలి. ఒకే కంపెనీ మీద బతకాల్సి వస్తుంది. వాళ్ల కొనుగోలు మేనేజరు మారిన రోజు మీ తలరాత మారుతుంది. మూడోది రెండూ ఉంచుకుని, వేరువేరు పనులుగా నడపడం. నా మొగ్గు దీనివైపే. కానీ ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే రాత్రి షాఫ్టు వచ్చినప్పుడల్లా లాటు పని మీదున్న కుర్రాణ్ని పిలవొద్దని మీరు మీకే చెప్పుకోవాలి. లెక్క వేరే చెబితే నా మొగ్గును పట్టించుకోకండి.

దారి ఏదైనా ఒక చార్టు రాయాలి. స్కిల్ మ్యాట్రిక్స్ అంటారు, మీ కన్సల్టెంటు కూడా చూపించే ఉంటాడు. చాలా షాపుల్లో ఆడిటరు కోసం గోడకు తగిలించి, ఎండకు వెలిసిపోయేదాకా వదిలేస్తారు. మీరు మాత్రం పేర్లతో మొదలుపెట్టకండి. ముందు ఆ స్లీవ్‌కు కావలసిన పనులు రాయండి. డ్రాయింగులో ఏ కొలత ప్రాణమో పట్టుకోవడం, సాఫ్ట్ జా (పీసుకు తగ్గట్టు చెక్కుకునే చక్ దవడలు) తయారు చేసుకోవడం, ఇన్సర్ట్ మార్చి ఆఫ్‌సెట్ (మిషనులో పెట్టే కొలత సవరణ) సరిచేయడం, కొలత తెలిసిన రింగ్‌తో బోర్ గేజ్ జీరో చేయడం, చల్లారాక కొలిచి రాయడం. తర్వాత ఒక్కొక్క పేరూ తీసుకుని, ఒంటరిగా చేస్తాడా, పక్కన ఒకరుంటే చేస్తాడా, అసలు రాదా అని గుర్తు పెట్టండి. అడిగి కాకుండా చేయించి చూసి పెట్టండి. బోర్ గేజ్ వరస దాదాపు ఖాళీగా ఉండి, ఒక్క బాబాయ్ పేరు దగ్గరే నిండుగా కనబడుతుందని నా ఊహ. మీరు ఫీజు కట్టిన ప్రోగ్రామింగ్ వరస అప్పటికే నిండి ఉంటుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న.

బాబాయ్‌ని పంపేయొచ్చు. చేయకూడని పనేం కాదు. కానీ దాని ఖరీదు తెలుసుకుని చేయండి. పదిమంది కంటే ఎక్కువున్న షాపు మీది, గ్రాట్యుటీ వర్తిస్తుంది. 26 వేలూ లెక్కలోకొస్తే ఏడాదికి 15 వేల చొప్పున, 24 ఏళ్లకు 3 లక్షల 60 వేలు. మీ అంతట మీరు తీసేస్తే నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం దానికి అదనం. ఇవి కాగితం మీది అంకెలు. రాత్రి పనుల కుప్ప దాదాపు ఆయనతోనే వెళ్లిపోతుంది. రోడ్డు అవతలి షెడ్డులో తెల్లారేసరికి చేరిపోతారు, ఫ్యాక్టరీల వాళ్లు ఆయన ఫోన్ నంబరుకే చేస్తారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక చోట, అప్పుడు నేను షిఫ్టు ఇన్‌చార్జిని, ఒక పెద్దాయనను ఇలాగే సాగనంపాం. కొత్త పద్ధతులకు రావడం లేదని నేనే రాసిచ్చాను. ఆయన లేత్‌ను శుభ్రం చేయించాం. పీసు రెండో కొసను ఆపే టెయిల్‌స్టాక్ కింద ఒక మడత కాగితం ఉంటే చెత్త అనుకుని తీసి పారేశాం. తర్వాత నెల రోజులు ఆ మిషను మీద పొడుగు షాఫ్టు ఏది తీసినా టేపరు వచ్చింది, ఒక కొస సన్నం, ఒక కొస లావు. బెడ్డు అరుగుదలను ఆయన ఆ కాగితంతో సరిచేసుకుంటున్నాడని కనుక్కోవడానికి అంతకాలం పట్టింది. ఎవరికైనా చెప్పి ఉండొచ్చు కదా అని అప్పుడు తిట్టుకున్నాను. మేమెవరం అడగలేదు.

బాబాయ్ ఎందుకు చెప్పరు? పని చెప్పేస్తే తన అవసరం తీరిపోతుందని భయం. అది ఉత్తి భయమేం కాదని మీ మొదటి ప్రశ్నే చెబుతోంది కదమ్మా. షెడ్డులో అందరికీ అన్నీ తెలుస్తాయి. కన్సల్టెంటు స్లైడ్లు చూపించిన రోజు, అద్దం గదిలో మీరేం మాట్లాడుకున్నారో కాంటీనులో ఒక వెర్షన్ తిరిగే ఉంటుంది.

ఇంకోటి, సీఎన్‌సీ దగ్గరికి రాకపోవడం అహంకారం అనుకోకండి. తెర మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, అవీ చిన్నవి. 56 ఏళ్ల వయసు. ఆయన కళ్లజోడు ఎప్పటిదో, అసలుందో లేదో ఎప్పుడైనా చూశారా? తన లేత్ డయల్ మీద గీతలు ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు, అక్కడ ఆ ఇబ్బంది బయటపడదు. ఇరవై రెండేళ్ల కుర్రాడి ముందు తెర చదవలేక నిలబడటం కంటే "అది కుర్రాళ్ల మిషను" అనడం తేలిక. ముందు కంటి పరీక్షకు తీసుకెళ్లండి. అందరితో పాటు తీసుకెళ్లండి, ఆయనొక్కణ్నే కాకుండా.

ఆయనను ఉంచుకునే దారిలో నేనైతే చేసేది ఒకటుంది. సీఎన్‌సీ నడపమని అడగను. ఏ లాటులోనైనా మొదటి పీసు చల్లారాక బాబాయ్ కొలిచి సంతకం పెట్టనిదే రెండో పీసు కదలదు అని నియమం పెడతాను. జీతం తగ్గదు, బల్ల వేరే వస్తుంది, పైన ఫ్యాను. ప్రోగ్రాం కుర్రాడిది, కొలత ఆయనది. ఒకరికొకరు అవసరం పడతారు.

దీనిలోనూ చిక్కుంది. అన్నీ ఆయన సంతకం దగ్గర ఆగుతాయి. ఆయనకు జ్వరమొస్తే పది రోజుల గడువు గోవిందా. కొందరు ఆ బల్లను దర్బారు చేసుకుంటారు కూడా. కాబట్టి ముందే గడువు చెప్పండి. ఆరు నెలల్లో ఇద్దరు కుర్రాళ్లు మొదటి పీసు ఓకే చేయగలగాలి. ఒక్కొక్కడు నెల రోజులు తప్పు లేకుండా కొలిస్తే బాబాయ్‌కి ఇంత అని చేతిలో పెట్టండి. చెబితే నష్టపోతానన్న భయానికి చెబితే లాభం అన్నదే సరైన జవాబు. ఆయన పదవీ విరమణ దాకా ఉద్యోగం ఉంటుందని నాన్నగారి ఎదుట, మీ నోటితో చెప్పండి. అది మీరు నిజంగా అనుకున్నాకే చెప్పండి.

నేర్పడం వేరే పని. బాగా చేసేవాళ్లందరికీ నేర్పడం రాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీలకు ఇదే కష్టం వచ్చింది. పనితెలిసినవాళ్లు సైన్యంలోకి వెళ్లారు, కొత్తవాళ్లు గుంపులుగా వచ్చారు. 1940లో మొదలైన ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం ఫోర్‌మన్‌లకు ఒక తేలికైన వరస నేర్పింది. ముందు నేర్చుకునేవాడిని కుదుటపరచు, తర్వాత చేసి చూపించు, ఆపైన వాడి చేత చేయించు, తర్వాత వెళ్లి చూస్తూ ఉండు. యుద్ధం తర్వాత అది జపాన్ వెళ్లింది, టొయోటా దాన్ని వదల్లేదు. బాబాయ్ ఇప్పుడు రెండో మెట్టు దగ్గర ఆగిపోతున్నారు, చేసి చూపించి వెళ్లిపోతున్నారు. మూడో మెట్టు మీరు పక్కనుండి చేయించాలి. "బాబాయ్, మీరు చేయి పెట్టకండి, నోటితో చెప్పండి, వాడు చేస్తాడు" అనండి. ఆయన చేయి ఊరుకోదు, మొదటి వారం నవ్వొస్తుంది మీకు. ఆ సమయంలో మీరు నోట్‌బుక్కు తెచ్చుకోండి. 'ఎందుకు' అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయండి. కుర్రాళ్లలో ఒడిశా అబ్బాయిలున్నారని రాశారు కాబట్టి హిందీలో కూడా రాసి బల్ల మీద అతికించండి.

బాండు సంగతి. రాయించుకోవచ్చు, చాలామంది రాయించుకుంటున్నారు. ఉద్యోగం మానేశాక వేరేచోట పనిచేయకూడదనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలబడదు. ఇంత కాలం ఉండాలి, లేకపోతే శిక్షణ ఖర్చు కట్టాలి అంటే కొంత బలముంటుంది గానీ, అక్కడ కూడా మీకు వచ్చేది సహేతుకమైన పరిహారమే. లక్ష రాసుకున్నంత మాత్రాన లక్ష రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం దగ్గర పెట్టుకోకండి. అది తప్పు, పైగా ఆ మాట బయటికెళితే మంచి కుర్రాళ్లు మీ గేటు తొక్కరు. 18 వేల జీతగాడి మీద కోర్టుకెళ్లే తీరిక మీకుందా? లేదని వాడికీ తెలుసు.

బాండుకు బదులు ఈ లెక్క చూడండి. ఆ కుర్రాడు 2,500 కోసం వెళ్లాడు. ఏడాదికి 30 వేలు. మిషను 11 రోజులు ఆగింది. గంటకు 400, రోజుకు పది గంటలనుకుంటే 44 వేలు, కోర్సు ఫీజు కాకుండానే. మీరు వాడికి ముందే 2,500 పెంచి ఉండాల్సిందని నేను అనడం లేదు, వాడు వేరే కారణానికీ వెళ్లి ఉండొచ్చు. ఏం నేర్చుకుంటే ఎంత పెరుగుతుందో వాడికి తెలియదు, అదీ సంగతి. పీసు పెట్టి తీసేవాడికి ఇంత, కొలిచి ఆఫ్‌సెట్ సరిచేసేవాడికి ఇంత, డ్రాయింగ్ చూసి సొంతంగా సెట్టింగ్ చేసేవాడికి ఇంత, ఇంకొకరికి నేర్పేవాడికి ఇంత. మెట్టుకు మెట్టుకు రెండు వేలు అనుకోండి, చార్టు పక్కనే ఇదీ అతికించండి. ఒక ప్రమాదం చెప్పాలి. గోడ మీద రాశాక మీరు వెనక్కి తగ్గలేరు. ఆర్డర్లు తగ్గిన నెలలో కూడా మెట్టెక్కినవాడికి ఇవ్వాల్సిందే. అందుకని రెండు కుప్పల లెక్క తేలేదాకా ఆగి రాయండి. అప్పటికీ కొందరు వెళతారు. పెద్ద కంపెనీ క్యాంటీన్, బస్సు, పేరు మనం ఇవ్వలేం. రెండేళ్లు ఉండి బాగా పనిచేసి వెళ్లినవాణ్ని నష్టం కింద రాసుకోకండి.

వెళ్లేవాళ్లు ఉంటారు కాబట్టి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉండాలి. అప్రెంటిస్‌లను తీసుకోండి. కనీసం నలుగురు పనివాళ్లున్న షాపు తీసుకోవచ్చు, 30 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే తప్పనిసరి. మీకు ఇష్టమైతేనే. జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, కేంద్రం నేరుగా కుర్రాడి ఖాతాలో వేస్తుంది. డబ్బు చిన్నదే. ఐటీఐ నుంచి వచ్చేవాణ్ని ఒక ఏడాది చూసి తీసుకునే వీలు చిన్నది కాదు. బాలానగర్‌లో సీఐటీడీ, అంటే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, 1968 నుంచి ఉంది, మీకు ఆటో దూరం. కొలతల మీద చిన్న కోర్సు ఏదైనా నడుస్తోందేమో వెళ్లి కనుక్కోండి. పంపితే ఈసారి కుర్రాడితో పాటు మీరూ వెళ్లండి.

మూడోది, ఆర్డరు వదులుకోవడం. వదులుకునే ముందు ఒకసారి వాళ్ల క్వాలిటీ మనిషిని మీ షెడ్డుకు టీకి పిలవండి. ఒకే స్లీవ్‌ను ఒకే రోజు మీ గేజ్‌తో, వాళ్ల గేజ్‌తో కొలిచి చూడండి. రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో తెలియకుండా ఎవరిది తప్పో తేలదు. పది రోజుల గడువును రెండు నెలల పాటు పదిహేను చేయమని అడగండి, రిజెక్షన్ తగ్గించే పని ఏం మొదలుపెట్టారో చూపించి అడగండి. ఒప్పుకోకపోతే లాటు సైజు తగ్గించమనండి. అదీ కాదంటే వదులుకోవడమూ ఒక నిర్ణయమే, కానీ ఈఎంఐకి సరిపడా వేరే పని చేతికొచ్చేదాకా వద్దు. డబ్బు ఆలస్యంగా ఇస్తున్నారని మధ్యలో ఒక వాక్యం రాసి వదిలేశారు. చిన్న పరిశ్రమగా మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు 45 రోజులు మించకూడదు. ఆ మాట కూడా ఆ టీ దగ్గరే, గొంతు పెంచకుండా అడగండి.

మీ వారు చెప్పింది తీసిపారేసే మాట కాదు. అద్దె ఎంతొస్తుందో, మీకు ఉద్యోగంలో జీతం ఎంతొస్తుందో రాసి, ఆ రెండు కుప్పల పక్కన మూడో కాగితంగా పెట్టండి. దాన్ని చూసి కూడా షెడ్డుకే వెళ్లాలనిపిస్తే అప్పుడు ఆయనకు చెప్పడానికి మీ దగ్గర అంకె ఉంటుంది. అద్దెకే ఇవ్వాలనిపించినా తప్పేం లేదమ్మా. నాన్నగారికి ముందు కష్టంగా ఉంటుంది. బాబాయ్‌కిచ్చిన మాట నిలబెట్టి, లెక్క తేల్చి ఇస్తే సర్దుకుంటారు.

వెనక్కొచ్చిన ఆ 23 స్లీవ్‌లు మెట్ల కింద గోనెసంచిలో పడి ఉన్నాయని రాశారు. స్క్రాపుకు వేయకండి. పొద్దున మిషన్లు మొదలుపెట్టకముందు, రాత్రంతా చల్లారిన ఆ పీసుల్ని బాబాయ్ ముందు పెట్టి, కుర్రాణ్ని పక్కన నిలబెట్టి, ఒక్కొక్కటీ కొలిపించండి. రెండు వైపులా ఆనే గేజ్‌కు మూడు మూలలు దొరకవు కాబట్టి, మూడు చోట్ల ఆనే బోర్ మైక్రోమీటరుతో కూడా తిప్పి కొలవమనండి. గుండ్రంగానే ఉండి అయిదారు మైక్రాన్లు సన్నగా ఉన్నాయని తేలితే హోనింగ్‌తో, అంటే లోపల రాయితో సన్నగా అరగదీస్తే, చాలావరకు బతుకుతాయి. పెద్దదైన బోరును బాగుచేయడం మహా కష్టం గానీ, చిన్నదైన బోరుకు ఇంకా దారుంది. ఎన్ని బతికాయో నాకు రాయండి.